ఒంటరిగా ప్రయాణించలేని ఇబ్బంది మీద పిప్ అప్పీలు: బ్రిటన్‌లోని తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఆవిడకి ఫిట్స్ ఉన్నాయి. కిందపడి కొట్టుకునే రకం కాదు. ఒకటి రెండు నిమిషాలు చూపు ఎక్కడో నిలిచిపోతుంది, ఆ తర్వాత పావుగంట దాకా ఎక్కడున్నదీ తెలియదు. జబ్బు, వైకల్యం వల్ల ఇబ్బంది పడేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే భత్యం పిప్. దానికి అప్లై చేస్తే ప్రయాణాల భాగంలో మొదట సున్నా పాయింట్లు వచ్చాయి. అప్పీలులో పన్నెండు వచ్చాయి. ఈ రెండింటి మధ్య ఆవిడ జబ్బేమీ మారలేదు, మేం చెప్పిన తీరు మారింది. ఆ తర్వాత తెలిసినవాళ్లు చాలామంది ఫోన్ చేసి అడిగిన ప్రశ్నలే ఇక్కడ రాస్తున్నాను. ఇవి ఇంగ్లండ్, వేల్స్ పద్ధతికి సంబంధించినవి. స్కాట్లాండ్‌లో పిప్ బదులు అడల్ట్ డిసెబిలిటీ పేమెంట్ ఉంది, అక్కడ అప్పీలు దారి వేరు.

పిప్ అంటే ఏమిటి? ప్రయాణానికీ దానికీ ఏం సంబంధం?

పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్. 2013లో మొదలైంది. పదహారేళ్లు నిండి, స్టేట్ పెన్షన్ వయసు రానివాళ్లు అప్లై చేసుకోవచ్చు. ఆదాయం, బ్యాంకులో డబ్బు, ఉద్యోగం ఇవేవీ చూడరు. రెండు భాగాలుంటాయి: రోజువారీ పనులు ఒకటి, మొబిలిటీ రెండోది. మొబిలిటీలో మళ్లీ రెండు అంశాలు: ప్రయాణాన్ని ప్లాన్ చేసుకుని దారి పట్టి వెళ్లగలగడం, నడవగలగడం. మొత్తం 8 పాయింట్లు వస్తే స్టాండర్డ్ రేటు, 12 వస్తే ఎన్‌హాన్స్‌డ్ రేటు. 2025-26లో వారానికి 29.20 పౌండ్లు, 77.05 పౌండ్లు.

మా వీసా మీద ఇది తీసుకోవచ్చా?

ముందుగా చూసుకోవాల్సింది ఇదే. స్కిల్డ్ వర్కర్, స్టూడెంట్, డిపెండెంట్ వీసాల మీద ఉన్నవాళ్లకి మామూలుగా 'పబ్లిక్ ఫండ్స్ వర్తించవు' అనే షరతు ఉంటుంది. పిప్ పబ్లిక్ ఫండ్స్ కిందికే వస్తుంది. ఆ షరతు ఉండగా తీసుకుంటే వీసాకే ముప్పు. ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చినవాళ్లు, బ్రిటిష్ పౌరులు అడగొచ్చు. గత 156 వారాల్లో 104 వారాలు ఇక్కడ ఉండి ఉండాలనేది ఇంకో నిబంధన. భార్యాభర్తల్లో ఒకరికి ఐఎల్ఆర్ ఉండి రెండోవాళ్లకి లేకపోయినా, ఐఎల్ఆర్ ఉన్నవాళ్లు తమ పేరు మీద అడగొచ్చు. మీ కేసులో ఏ కొంచెం అనుమానం ఉన్నా ఇమిగ్రేషన్ సలహాదారుని అడగకుండా ఫారం ముట్టుకోకండి.

ప్రయాణాల అంశంలో పాయింట్లు ఎలా ఇస్తారు?

నిబంధనల్లో ఉన్నది తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది.

తట్టుకోలేనంత మానసిక వేదన కలగకుండా ఉండాలంటే ఏ ప్రయాణానికైనా ఇంకొకరు ధైర్యం చెప్పి బయల్దేరదీయాలి: 4 పాయింట్లు.
ప్రయాణాన్ని ప్లాన్ చేసుకోలేరు: 8.
తెలియని దారిలో మనిషి తోడు, సహాయక కుక్క, లేదా దారి చూపే ప్రత్యేక పరికరం లేకుండా వెళ్లలేరు: 10.
తట్టుకోలేనంత వేదన వల్ల అసలు ఏ ప్రయాణమూ చేయలేరు: 10.
తెలిసిన దారిలో కూడా తోడు లేకుండా వెళ్లలేరు: 12.

వీటిలో మీకు వర్తించే వాటిలో ఎక్కువ పాయింట్లున్నది ఒక్కటే లెక్కలోకి వస్తుంది, కూడరు. నడక అంశంలో వచ్చినవి మాత్రం దీనికి కలుపుతారు.

చాలామంది అప్పీలు ఫారంలో 'నాకు చాలా కష్టంగా ఉంది, న్యాయం చేయండి' అని రాసి ఊరుకుంటారు. అప్పీలు వినే ట్రైబ్యునల్‌కి అది సరిపోదు. పై వాక్యాల్లో ఏది మీది, ఎందుకు మీది, అది చెప్పాలి. మా అప్పీలు మొదటి వాక్యమే 'తెలిసిన దారిలో కూడా తోడు లేకుండా క్షేమంగా వెళ్లలేను, కాబట్టి 12 పాయింట్ల అంశం నాకు వర్తిస్తుంది' అని రాశాం.

'క్షేమంగా' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది?

2013 నిబంధనల్లోనే ఉంది. ఒక పని 'చేయగలరు' అని అనాలంటే దాన్ని క్షేమంగా చేయాలి, సరైన తీరులో చేయాలి, అవసరమైనన్నిసార్లు మళ్లీ మళ్లీ చేయగలగాలి, మామూలు మనిషికి పట్టే సమయానికి రెట్టింపు మించకుండా చేయాలి. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి లేకపోయినా 'చేయలేరు' అనే లెక్క. డెసిషన్ లెటర్లలో ఈ నాలుగూ ఎంత తేలిగ్గా దాటేస్తారో చూస్తే బాధేస్తుంది.

ఫిట్స్ ఉన్నవాళ్లకి ఇంకో ముఖ్యమైన విషయం. 'నెలకి రెండుసార్లే కదా వస్తాయి, సగం రోజులకి మించి ఇబ్బంది ఉండాలి కదా' అని తిప్పికొడతారు. 2017 మార్చిలో అప్పర్ ట్రైబ్యునల్ (మన ట్రైబ్యునల్‌కి పైది) ఇచ్చిన ఒక తీర్పు దీనికి సమాధానం. హాని ఎన్నిసార్లు జరిగిందన్నది ఒక్కటే చూడకూడదు, జరిగితే ఎంత తీవ్రంగా ఉంటుందన్నది కూడా చూడాలని అందులో చెప్పారు. ఎప్పుడొస్తుందో తెలియని ఫిట్‌కి రోడ్డు మధ్యలో ప్రమాదం ప్రతిరోజూ ఉన్నట్టే. ఆ తీర్పు నంబరు [2017] యూకేయూటీ 105. మీ ఉత్తరంలో రాయండి.

అసలు మావాళ్లు ఎక్కడ పొరపాటు చేస్తారు?

తోడు దగ్గర.

మన ఇళ్లలో తోడు వెళ్లడాన్ని సాయం అనుకోం. 'చీకటి పడుతోంది, తోడు వెళ్లు' అని అమ్మ అంటుంది, వెళ్తాం. 'ఒక్కదాన్నే ఎందుకు, నేనూ వస్తాను' అంటుంది అక్క. అది ప్రేమ, అలవాటు, కుటుంబం. దాన్ని ఫారంలో రాయాలని ఎవరికీ తోచదు. మా మొదటి ఫారంలో 'ప్రతి శనివారం ఇండియన్ షాపుకి వెళ్తాను' అని మా ఆవిడ రాసింది. నేను పక్కనే కూర్చుని చదివాను. 'మా ఆయనతో కలిసి' అన్న మాటలు లేవని నాకూ తట్టలేదు. ఐదేళ్లుగా ఒక్క శనివారం కూడా తను ఒంటరిగా వెళ్లలేదు. ఆవిడ ఇబ్బందిని అంచనా వేసిన అసెసర్ రిపోర్టులో మాత్రం 'వారం వారం స్వతంత్రంగా షాపింగ్ చేస్తారు' అని వచ్చింది.

కాబట్టి పెన్నూ కాగితం తీసుకుని గత నెలలో గడప దాటిన ప్రతిసారీ రాయండి: ఎక్కడికి, ఎవరు తోడు వచ్చారు, వాళ్లు దారిలో ఏం చేశారు. చేయి పట్టుకున్నారా? బస్సు నంబరు చూశారా? 'ఇంక రెండు స్టాపులే' అని చెప్తూ ఉన్నారా? రోడ్డు దాటేటప్పుడు ఆపారా? ఆఖర్న ఇంకో ప్రశ్న: వాళ్లు రాకపోయి ఉంటే ఏమయ్యేది? ఈ ఆఖరి ప్రశ్నకి జవాబే మీ అప్పీలు.

'ఏమయ్యేది' అన్నది ఎలా రాయాలి?

జరిగిన ఒక్క సంఘటనని పూర్తిగా రాయండి. మేం రాసింది ఇది. ఇంటి నుంచి ఫార్మసీకి ఆరు నిమిషాల నడక. మూడేళ్లుగా వెళ్తున్న దారి. ఒకరోజు నేను మీటింగులో ఉంటే, దగ్గరే కదా అని తను ఒక్కతే వెళ్లింది. సిగ్నల్ దగ్గర పచ్చ మనిషి బొమ్మ వెలిగింది, దాటడం మొదలుపెట్టింది, మధ్యలో ఆగిపోయింది. ఎర్ర బొమ్మ వచ్చినా కదల్లేదు. ఒక లారీ హారన్ కొట్టి ఆగింది. చేతిలో సంచి జారి కరివేపాకు రోడ్డంతా పడింది. ఎవరో ఒకావిడ భుజం పట్టుకుని ఈవలికి తీసుకొచ్చి లైబ్రరీ మెట్ల మీద కూర్చోబెట్టింది. నేను వెళ్లేసరికి ఇరవై నిమిషాలైంది. 'మన ఇల్లు ఎటు?' అని అడిగింది. ఆ మెట్ల మీద నుంచి చూస్తే మా వీధి మలుపు కనిపిస్తుంది.

తేదీ, సమయం, దూరం, ఎంతసేపు, తర్వాత ఆ రోజంతా ఎలా ఉంది, అన్నీ రాశాం. హియరింగులో ట్రైబ్యునల్ డాక్టరుగారు ఎక్కువసేపు అడిగింది దీని గురించే.

నాది ఫిట్స్ కాదు, భయం. పానిక్ వస్తుంది. అది లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. దీని వెనక పెద్ద పోరాటమే జరిగింది. మానసిక వేదన వల్ల దారి పట్టి వెళ్లలేకపోయినా 10, 12 పాయింట్ల అంశాలు వర్తించొచ్చని 2016లో అప్పర్ ట్రైబ్యునల్ ముగ్గురు జడ్జీల బెంచి చెప్పింది. 2017 మార్చిలో ప్రభుత్వం 'మానసిక వేదన కాని ఇతర కారణాల వల్ల' అనే మాటలు చేర్చి ఆ దారి మూసేసింది. అది వివక్ష అని అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం మళ్లీ అప్పీలుకి వెళ్లలేదు. ఇప్పటికీ పాత ధోరణిలో 'ఆందోళనకి 4 పాయింట్లే' అని ఎవరైనా అంటే నమ్మకండి.

అయితే 'వేదన' అంటే మామూలు టెన్షన్ కాదు. 'తట్టుకోలేనంత' అన్న మాట బరువైనది. బస్టాపులో ఊపిరాడక వెనక్కి తిరిగి వచ్చేయడం, బస్సులోనే ఏడ్చేసి రెండు రోజులు మంచం దిగకపోవడం, ఎటు పోతున్నదీ తెలియక నిలబడిపోవడం, ఇలాంటివి. ఎవరో ఒకరు తోడుంటే వెళ్లగలిగేవాళ్లకి 'ఏ ప్రయాణమూ చేయలేరు' అన్న అంశం మామూలుగా వర్తించదు, 'తోడు లేకుండా వెళ్లలేరు' అన్నవి చూసుకోవాలి. పొద్దున్న ఒకసారి ధైర్యం చెప్పి పంపిస్తే సరిపోతుందా, లేక ఆ మనిషి చివరిదాకా పక్కన ఉండాలా? మొదటిది 4 దగ్గర ఆగుతుంది. రెండోది 10 లేదా 12కి వెళ్తుంది.

తెలిసిన దారిలో ఎలాగో వెళ్లిపోతాను. మరి నాకు పాయింట్లు రావా?

తెలియని దారి సంగతేమిటి? రోడ్డు తవ్వారు, బస్టాపు మార్చారు, రైలు క్యాన్సిలయింది, అప్పుడు? ఇలాంటి చిన్న మార్పులు మామూలే కాబట్టి వాటిని కూడా తట్టుకుని వెళ్లగలరా అని చూడాలని అసెసర్ల కోసం ప్రభుత్వం రాసిన గైడులోనే ఉంది. తెలియని దారిలో వెళ్లగలరు అనాలంటే బస్సు, రైలు లాంటివి వాడుకోగలగాలని కూడా ఉంది.

ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ ఉంది కదా అంటున్నారు.

నిబంధనల్లో ఉన్నది వికలాంగుల కోసం ప్రత్యేకంగా తయారైన పరికరం గురించి. అందరూ వాడే ఫోన్ మ్యాప్ ఆ నిర్వచనంలోకి రాదు. పైగా మ్యాప్ దారి చూపిస్తుంది, వచ్చే కారుని ఆపదు.

కారు నడుపుతాను. ఉద్యోగం కూడా చేస్తున్నాను. అయిపోయినట్టేనా?

కాదు, కానీ దాచకండి. ఏ దారుల్లో నడుపుతారు, ఒంటరిగానా, దారి మళ్లిస్తే ఏం చేస్తారు, ఎన్నిసార్లు ఆపేసి ఇంటికి ఫోన్ చేశారు, రాయండి. ఆఫీసుకి ఎవరు దింపుతారు, ఇంటి నుంచి పని చేయడానికి ఎందుకు అనుమతి తీసుకున్నారు, ఆ ఈమెయిల్ ఉంటే జత చేయండి. ఫిట్స్ వల్ల డీవీఎల్ఏకి లైసెన్స్ తిరిగిచ్చేసిన ఉత్తరం ఉంటే అది బంగారం లాంటి ఆధారం.

నడక ఇబ్బంది కూడా ఉంది.

అయితే రెండూ రాయండి. లేచి నిలబడి 200 మీటర్లకి మించి నడవలేకపోతే 4 పాయింట్లు, 50 మీటర్లకి మించి నడవలేకపోతే 8 (కర్రలాంటిది పట్టుకుంటేనే ఆ మాత్రం అయితే 10), 20 మీటర్లు దాటలేకపోతే 12. నొప్పితో పళ్లు బిగబట్టి నడిచింది లెక్కలోకి రాకూడదు. ఇంటి ముందు నుంచి ఏ ఇంటిదాకా వెళ్లి ఆగుతారో మ్యాప్‌లో కొలిచి చెప్పండి.

గడువులు ఏమిటి?

డెసిషన్ లెటర్ మీద ఉన్న తేదీ నుంచి ఒక నెలలో మ్యాండేటరీ రీకన్సిడరేషన్ అడగాలి. అంటే పిప్ ఇచ్చే ప్రభుత్వ శాఖ డీడబ్ల్యూపీనే మళ్లీ చూడమనడం. ఇది దాటకుండా అప్పీలుకి వెళ్లలేరు. చాలావరకు నిర్ణయం మారదు, కుంగిపోకండి. ఆ జవాబు మీద ఉన్న తేదీ నుంచి ఇంకో నెలలో ట్రైబ్యునల్‌కి అప్పీలు, ఆన్‌లైన్‌లోనైనా, ఎస్‌ఎస్‌సీఎస్1 ఫారం మీదైనా. రుసుము లేదు. గడువు దాటితే సరైన కారణం చూపి 13 నెలల్లోపు అడగొచ్చు, కానీ ఒప్పుకుంటారన్న గ్యారంటీ లేదు. ఆసుపత్రిలో ఉన్నా, ఇండియా వెళ్లినా ఆ ఉత్తరాలు ఎవరో ఒకరు తెరిచి చూసేలా ఏర్పాటు చేసుకోండి.

అసెస్‌మెంట్ రిపోర్టు కాపీ డీడబ్ల్యూపీకి ఫోన్ చేసి అడిగితే పంపిస్తారు. తప్పకుండా తెప్పించుకోండి. అప్పీలు వేశాక వాళ్ల జవాబుతో పాటు పెద్ద కాగితాల కట్ట వస్తుంది. అందులో పేజీ నంబర్లు ఉంటాయి. 'ఫలానా పేజీలో ఇలా ఉంది, నిజం ఇది' అని ఒక్కో తప్పూ రాయండి. మా రిపోర్టులో 'ఆరోగ్యం బాగుందని చెప్పారు' అని ఉంది. ఫోన్‌లో ఆవిడని 'హౌ ఆర్ యూ' అని పలకరిస్తే 'ఐయామ్ ఫైన్, థాంక్యూ' అంది. మర్యాదగా అన్న మాట. అది కూడా మా ఉత్తరంలో వివరించాం.

ఆధారాలు ఏం పెట్టాలి?

రెండు మూడు వారాల డైరీ. తోడు వచ్చేవాళ్లు ఒక్కొక్కరు సంతకంతో రాసిన అరపేజీ ఉత్తరం: భర్త, పిల్లలు, పక్కింటివాళ్లు, ఆఫీసు స్నేహితులు. డాక్టరు ఉత్తరం కూడా కావాలి, కానీ 'ఈ పేషెంటుకి ఎపిలెప్సీ ఉంది' అని రాస్తే పెద్దగా ఉపయోగం లేదు. జబ్బు ఉందని వాళ్లకీ తెలుసు. 'ఒంటరిగా రోడ్డు మీదికి వెళ్తే ప్రమాదం, ఈ కారణం వల్ల' అని రాయాలి. జీపీ మనల్ని పది నిమిషాలే చూస్తారు, దారిలో మనమెలా ఉంటామో వాళ్లకి తెలియదు. కాబట్టి అడిగేటప్పుడే ప్రశ్నలు రాసిచ్చి జవాబులు కోరండి. న్యూరాలజీ నర్సు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, మానసిక కౌన్సెలర్ ఉంటే వాళ్ల ఉత్తరాలు ఇంకా మేలు. తెలుగులో ఉన్న కాగితాలకి ఇంగ్లిష్ అనువాదం జత చేయండి.

డీడబ్ల్యూపీ తీసుకున్న నిర్ణయం తర్వాత నా పరిస్థితి దిగజారింది. అది చెప్పొచ్చా?

ట్రైబ్యునల్ చూసేది నిర్ణయం జరిగిన రోజున మీరెలా ఉన్నారని. తర్వాత వచ్చిన ఉత్తరమైనా సరే, అప్పటి పరిస్థితి గురించి చెప్తే పనికొస్తుంది. కొత్తగా దిగజారిన దాన్ని మాత్రం డీడబ్ల్యూపీకి వేరుగా తెలపాలి. ముందు సలహా తీసుకోండి.

అప్పీలు వేస్తే ఉన్నది కూడా పోతుందా?

పోవచ్చు. ట్రైబ్యునల్‌కి మొత్తం అవార్డుని మళ్లీ చూసే అధికారం ఉంది. సున్నా వచ్చినవాళ్లకి పోయేదేమీ లేదు. రోజువారీ పనుల భాగంలో ఇప్పటికే డబ్బు వస్తుంటే సిటిజన్స్ అడ్వైస్‌లోనో, కౌన్సిల్ వెల్ఫేర్ రైట్స్ విభాగంలోనో చూపించి అప్పుడు ముందుకెళ్లండి. వీళ్లు డబ్బు తీసుకోరు. వచ్చేదాంట్లో పర్సంటేజీ అడిగేవాళ్ల జోలికి వెళ్లకండి.

హియరింగ్ ఎలా ఉంటుంది? ఇంగ్లిష్ సరిగ్గా రాదు.

ముగ్గురుంటారు: ఒక జడ్జి, ఒక డాక్టరు, వైకల్యం గురించి అనుభవం ఉన్న ఒక సభ్యుడు. కోర్టు బోను, నల్ల గౌన్లు ఉండవు, ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఫోన్‌లో, వీడియోలో కూడా జరగొచ్చు. కాగితాల మీదే తేల్చమని అడగొచ్చు గానీ, దయచేసి అలా అడగకండి. మనిషి మాట విన్నప్పుడు గెలిచే అవకాశం ఎక్కువ. ఒంటరిగా వెళ్లలేని మనిషి హియరింగుకి ఒంటరిగా వెళ్లకూడదు, ఆ వచ్చిన తోడు గురించి కూడా చెప్పండి.

అప్పీలు ఫారంలోనే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని రాయండి. ఉచితం. మీవాళ్లు సాక్షిగా మాట్లాడొచ్చు, అనువాదం మాత్రం వాళ్లని చేయనివ్వరు. ఇంగ్లిష్ ఓ మాదిరిగా వచ్చినా అడగండి. బాధ ఇంగ్లిష్‌లో చెప్పేటప్పుడు చిన్నదైపోతుంది. మా ఆవిడ ఆఫీసు ఇంగ్లిష్ బాగానే మాట్లాడుతుంది, అయినా ఆ రోజు తెలుగులోనే చెప్పింది. 'అడ్జస్ట్ అయిపోతాను', 'ఫర్వాలేదండి' అనే మాటలు మాత్రం నోట రానివ్వకండి. మంచి రోజు గురించి అడిగితే నిజం చెప్పి, అలాంటివి వారానికి ఎన్నో కూడా చెప్పండి.

హియరింగుకి ముందే డీడబ్ల్యూపీ ఫోన్ చేసి కొంత ఇస్తామంటే?

వెంటనే ఒప్పుకోనక్కర్లేదు. ఏ భాగానికి, ఎన్ని పాయింట్లు, ఎప్పటిదాకా అని అడిగి రాసుకోండి. ఆలోచించుకుని చెప్తానండి అనండి. వాళ్లు నిర్ణయం మారిస్తే ఆ అప్పీలు అక్కడితో ఆగిపోతుంది, కొత్త నిర్ణయం చాలదనుకుంటే దాని మీద మళ్లీ అప్పీలు వేయొచ్చు.

ఈ సంగతులు అందరికీ తెలుస్తాయేమో అని భయం. పెళ్లి కావాల్సిన పిల్ల ఉంది.

ఈ మాట ఎంతమంది తల్లులు అడిగారో. మీ కాగితాలు ట్రైబ్యునల్ వాళ్ల దగ్గర, డీడబ్ల్యూపీ దగ్గర ఉంటాయి. మీ ఆఫీసుకి గానీ, మన సంఘాలకి గానీ ఎవరూ చెప్పరు. హియరింగ్ పేరుకి బహిరంగమే అయినా బయటివాళ్లు రావడం అరుదు. ఇంటర్‌ప్రెటర్ తెలిసినవాళ్లయితే మార్చమని అడగొచ్చు.

గెలిస్తే డబ్బు కాక ఇంకేం వస్తాయి?

బాకీ మొత్తం వెనకటి తేదీ నుంచి వస్తుంది. ఎన్‌హాన్స్‌డ్ రేటు ఉంటే, అవార్డు ఇంకా కనీసం 12 నెలలుంటే, ఆ డబ్బుకి బదులు మోటబిలిటీ స్కీములో కారు తీసుకోవచ్చు. మీకు డ్రైవింగ్ రాకపోయినా ఇంట్లోవాళ్లు నడపొచ్చు. రోడ్డు ట్యాక్స్ ఎన్‌హాన్స్‌డ్‌కి పూర్తిగా, స్టాండర్డ్‌కి సగం తగ్గుతుంది. డిసేబుల్డ్ పర్సన్స్ రైల్‌కార్డు తీసుకుంటే మీకూ, తోడు వచ్చే పెద్దవాళ్లలో ఒకరికీ టికెట్‌లో మూడో వంతు తగ్గింపు. బ్లూ బ్యాడ్జి (వికలాంగుల పార్కింగ్ కార్డు) మాత్రం ఇంగ్లండ్‌లో నడకలో 8 పాయింట్లకి, లేదా 'ఏ ప్రయాణమూ చేయలేరు' అన్న 10 పాయింట్ల అంశానికే నేరుగా వస్తుంది. మాకు 12 వచ్చినా అది వేరుగా కౌన్సిల్‌కి అప్లై చేసుకోవాల్సి వచ్చింది. మిమ్మల్ని చూసుకునేవాళ్లకి వచ్చే కేరర్స్ అలవెన్స్‌కి మీ మొబిలిటీ భాగం సరిపోదు, రోజువారీ పనుల భాగం ఉండాలి.

ఓడిపోతే?

ఒక నెలలోపు స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ అడగండి, అంటే ఎందుకలా తేల్చారో వివరంగా రాసిన కాగితం. అందులో చట్టాన్ని తప్పుగా అన్వయించినట్టు కనిపిస్తే, ఉదాహరణకి క్షేమం గురించి అసలు చూడకపోతే, అప్పర్ ట్రైబ్యునల్‌కి వెళ్లడానికి అనుమతి కోరవచ్చు. 'మా మాట నమ్మలేదు' అన్న ఒక్క కారణం అక్కడ చెల్లదు. ఈ దశలో లా సెంటర్ సాయం తప్పనిసరి అనుకోండి. దాంతో పాటే కొత్తగా పిప్‌కి అప్లై చేసుకోవచ్చా అని కూడా అక్కడే అడగండి. ఈసారి మొదటి ఫారంలోనే ఎవరు తోడు వస్తున్నారో, ఎందుకో రాయండి.